వైరల్ న్యుమోనియాలో రక్తపరీక్షలు: రిపోర్టు చేతికొచ్చాక తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో వానలు పట్టుకున్నాక ఒకసారి, సంక్రాంతి నుంచి మార్చి దాకా మరోసారి ఫ్లూ కేసులు పెరుగుతాయి. ఛాతీ వైద్యుడిగా ఆ రోజుల్లో నాకు ఎక్కువగా ఎదురయ్యేవి రిపోర్టు ప్రశ్నలే. ఉదయం ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తారు, మధ్యాహ్నానికి వాట్సాప్‌లో రిపోర్టు వస్తుంది. నాలుగైదు అంకెలు ముద్ద అక్షరాల్లో ఉంటాయి. డాక్టరును కలిసేది సాయంత్రం. ఆ మధ్య గంటల్లో కుటుంబాలు పడే కంగారు నాకు తెలుసు. ఆ గంటల కోసమే ఈ ప్రశ్నలు, జవాబులు రాశాను.

రక్తపరీక్ష చేస్తే వైరల్ న్యుమోనియా అని తేలిపోతుందా?

తేలదు. మామూలుగా చేసే రక్తపరీక్షల్లో వైరస్ కనబడదు. దానికి మన ఒళ్లు ఎలా స్పందిస్తోందన్నదే కనబడుతుంది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందా లేదా అన్నది డాక్టరు స్టెతస్కోపుతో విని, ఎక్స్‌రే తీసి నిర్ధారిస్తారు. ఏ వైరస్ అన్నది ముక్కు, గొంతు నుంచి తీసిన స్వాబ్ చెబుతుంది. రక్తపరీక్షకు మిగిలే పని రెండు రకాలు: కారణం వైరసా, బ్యాక్టీరియానా అన్న అనుమానాన్ని ఒకవైపు మొగ్గేలా చేయడం, జబ్బు ముదిరే అవకాశం ఎవరికి ఎక్కువో ముందుగా హెచ్చరించడం. రెండో పనిలో అవి నిజంగా మేలు చేస్తాయి. మొదటి పనిలో వాటిని అతిగా నమ్మితే నష్టం.

మరి వైరస్‌ను పట్టుకునే పరీక్ష ఏది?

ఆర్‌టీ-పీసీఆర్. ఫ్లూ, కోవిడ్, ఆర్‌ఎస్‌వీ వంటి వాటిని ఒకే స్వాబ్‌తో చూసే ప్యానెళ్లు ఇప్పుడు నగరంలోని పెద్ద ల్యాబుల్లో ఉన్నాయి. కోవిడ్ కాలంలో హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు స్వాబ్‌ను ద్రవంలో ముంచకుండా పొడిగానే తెచ్చి పరీక్షించే పద్ధతిని రూపొందించారు. 2020 నవంబరులో ఐసీఎంఆర్ దానికి ఆమోదం తెలిపింది. ఖర్చు, సమయం రెండూ తగ్గించిన పని అది. మన ఊళ్లో జరిగిందని గర్వంగా చెప్పుకోవచ్చు.

కొందరు రక్తంలో ఐజీఎం, ఐజీజీ యాంటీబాడీలు చేయించుకుని వస్తారు. యాంటీబాడీలు తయారవడానికి వారం, అంతకు మించి పడుతుంది. మూడో రోజు ఆయాసంతో ఉన్న మనిషికి ఆ పరీక్షతో ఉపయోగం లేదు.

సీబీపీ రిపోర్టులో ముందు ఏం చూడాలి?

సీబీపీ అంటే రక్తకణాల లెక్క. అన్నిటికంటే చవకైన పరీక్ష ఇది. సరిగ్గా చదివితే చాలా చెబుతుంది.

ముందు మొత్తం తెల్లకణాల సంఖ్య. పెద్దవాళ్లలో మైక్రోలీటరుకు 4,000 నుంచి 11,000 వరకు మామూలు. వైరల్ న్యుమోనియాలో ఈ సంఖ్య చాలాసార్లు మామూలుగానే ఉంటుంది, లేదా తగ్గుతుంది. 15,000 దాటి, అందులో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 85 శాతం దాకా ఉంటే బ్యాక్టీరియా మీద అనుమానం బలపడుతుంది.

తర్వాత లింఫోసైట్లు, అంటే ఇంకో రకం తెల్లకణాలు. ఇక్కడే చాలామంది పొరబడతారు. రిపోర్టులో శాతం కళ్ల ముందు ఉంటుంది, అసలు సంఖ్య కింద ఎక్కడో ఉంటుంది, కొన్ని రిపోర్టుల్లో అసలు ఉండదు. లింఫోసైట్లు 14 శాతం అని రాసి ఉందనుకోండి. మొత్తం కణాలు 11,000 అయితే లింఫోసైట్లు 1,540. అది పెద్ద చిక్కు కాదు. మొత్తం 4,200 అయితే లింఫోసైట్లు 588 మాత్రమే. శాతం ఒకటే, మనుషుల పరిస్థితి వేరు. పెద్దవాళ్లలో 1,000 కంటే తగ్గితే తక్కువ కిందే లెక్క. 800 కంటే తగ్గితే ఆ మనిషిని నేను రోజూ చూడాలనుకుంటాను. ఫ్లూలోనూ కోవిడ్‌లోనూ జబ్బు తీవ్రమయ్యేవాళ్లలో ఈ కణాలు బాగా పడిపోతాయి. కొన్ని రక్తం వదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, కొన్ని చచ్చిపోతాయి.

న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్లతో భాగిస్తే వచ్చే నిష్పత్తి, అంటే ఎన్‌ఎల్‌ఆర్, ఇంకో సూచిక. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఎక్కువగా 1కీ 3కీ మధ్య ఉంటుంది. మొదటి వారంలో అది 2 నుంచి 6కు, 6 నుంచి 10కి ఎక్కుతూ పోతుంటే జబ్బు ముదురుతోందని అనుమానించాలి. దీనికి వేరే డబ్బు కట్టక్కర్లేదు, ఫోనులో లెక్కపెట్టుకోవచ్చు.

ఒక్క హెచ్చరిక. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ వేయించుకున్నా, మందుల దుకాణంలో పొట్లం కట్టించుకున్నా అందులో స్టెరాయిడ్ ఉండి ఉండవచ్చు. స్టెరాయిడ్ పడితే రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ వదులై రక్తంలోకి వస్తాయి, లింఫోసైట్లు పడిపోతాయి. ఆ రిపోర్టు చూసిన డాక్టరు బ్యాక్టీరియా అనుకునే ప్రమాదం ఉంది. ఏ మందు వాడారో దాచవద్దు. ఖాళీ రేకు ఉంటే అదైనా పట్టుకురండి.

మా నాన్నగారికి సీఆర్‌పీ 48 వచ్చింది. భయపడాలా?

ఆ ఒక్క అంకె చూసి భయపడక్కర్లేదు, నిశ్చింతగా ఉండటానికీ లేదు. ముందు రెండు సంగతులు చూడండి: జ్వరం మొదలై ఎన్నో రోజు, కొలమానం ఏమిటి. చాలా ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకు ఇస్తాయి. లీటరుకు 48 అంటే డెసిలీటరుకు 4.8. ఒక ల్యాబులో 4.8, మర్నాడు ఇంకో ల్యాబులో 48 వచ్చిందని కుటుంబమంతా హడలిపోయి వచ్చిన సందర్భాలు నేను చూశాను. రెండూ ఒకటే.

సీఆర్‌పీ కాలేయంలో తయారయ్యే ప్రోటీను. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే పరిశోధకులు దీన్ని న్యుమోనియా రోగుల రక్తంలోనే మొదట గుర్తించారు. అంటే ఈ పరీక్షకూ ఈ జబ్బుకూ మొదటినుంచీ సంబంధం ఉంది. ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) మొదలైన 6 నుంచి 8 గంటల్లో ఇది పెరగడం మొదలవుతుంది, దాదాపు 2 రోజులకు శిఖరానికి చేరుతుంది. కారణం తగ్గితే సుమారు 19 గంటలకు సగానికి పడుతుంది. కాబట్టి జ్వరం వచ్చిన పూటే చేయించిన సీఆర్‌పీ తక్కువగా ఉంటే దానికి పెద్ద విలువ లేదు.

మామూలు జలుబు, తేలికపాటి ఫ్లూలో లీటరుకు 10 నుంచి 40 మిల్లీగ్రాముల దాకా రావడం సాధారణం. 100 దాటితే బ్యాక్టీరియా అనుమానం పెరుగుతుంది. 2014 నాటి బ్రిటన్ మార్గదర్శకాల్లో ఒక లెక్క ఉంది. దగ్గు, జ్వరంతో వచ్చినవారిలో న్యుమోనియా అవునో కాదో డాక్టరు పరీక్షించినా స్పష్టం కానప్పుడు, సీఆర్‌పీ 20 లోపు ఉంటే యాంటీబయాటిక్ సాధారణంగా వద్దు, 100 పైన ఉంటే ఇవ్వండి, మధ్యలో ఉంటే చీటీ రాసిచ్చి లక్షణాలు పెరిగితేనే వాడమనండి అని. అయితే తీవ్రమైన కోవిడ్, హెచ్1ఎన్1 ఫ్లూ, అడినోవైరస్ కూడా సీఆర్‌పీని 100 దాటించగలవు. ‘సీఆర్‌పీ ఎక్కువ, కనుక బ్యాక్టీరియా’ అని తేల్చేయడం అందుకే తప్పు.

తీవ్రతను చెప్పడంలో దీనికి గట్టి ఆధారం ఉంది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో ఆక్సిజన్ తగ్గి, సీఆర్‌పీ 75 లేదా ఆపైన ఉన్న కోవిడ్ రోగులకే వాపును అణచే టోసిలిజుమాబ్ అనే మందు ఇచ్చి చూశారు, మరణాలు తగ్గాయి. ఆక్సిజన్ తగ్గడం, సీఆర్‌పీ పెరగడం, ఈ రెండూ కలిసి ఉండాలన్న షరతును గమనించండి.

మీ నాన్నగారి 48 ఎల్లుండికి 20 అయితే మంచిది. 110 అయితే, ఆయన కులాసాగా కనబడుతున్నా మళ్లీ చూపించండి.

ప్రొకాల్సిటోనిన్ చేస్తే యాంటీబయాటిక్ కావాలో వద్దో తెలుస్తుందా?

కొంతవరకు. ప్రొకాల్సిటోనిన్ కూడా రక్తంలో కొలిచే ఒక ప్రోటీను. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌లో ఇది బాగా పెరుగుతుంది, వైరస్ వల్ల అంతగా పెరగదు. మిల్లీలీటరుకు 0.1 నానోగ్రాముల లోపు ఉంటే బ్యాక్టీరియా అవకాశం తక్కువ. 0.25 దాటితే ఆలోచించాలి. 0.5 దాటితే ఇంకా గట్టిగా ఆలోచించాలి. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ఇన్ఫెక్షన్ లేకున్నా పెరుగుతుంది.

2019లో అమెరికా ఛాతీ వైద్యుల, అంటువ్యాధుల వైద్యుల సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకో మాట చెప్పాయి: ఎక్స్‌రేలో న్యుమోనియా రుజువైతే, మొదటి ప్రొకాల్సిటోనిన్ తక్కువగా ఉందన్న కారణంతో యాంటీబయాటిక్ ఆపవద్దు అని. నా అభిప్రాయంలో దీని అసలు ఉపయోగం యాంటీబయాటిక్ మొదలుపెట్టేటప్పటి కంటే ఆపేటప్పుడే ఎక్కువ. స్వాబ్‌లో ఫ్లూ తేలింది, మనిషి కోలుకుంటున్నాడు, ప్రొకాల్సిటోనిన్ తక్కువగా ఉంది. అలాంటప్పుడు ఏడు రోజులూ సూదులు పొడవాల్సిన పనిలేదు.

డి-డైమర్, ఫెరిటిన్, ఎల్‌డీహెచ్, ఐఎల్-6 కూడా చేయించాలా?

ఇంట్లో ఉండి, ఆక్సిజన్ బాగున్నవాళ్లకు అవసరం లేదు. ఆసుపత్రిలో చేరినవాళ్లకు డాక్టరు నిర్ణయిస్తారు.

డి-డైమర్ రక్తం గడ్డకట్టి కరుగుతోందనడానికి గుర్తు. 2020లో లాన్సెట్ పత్రికలో వూహాన్ నగరపు 191 మంది రోగుల మీద వచ్చిన అధ్యయనంలో, చేరినప్పుడు డి-డైమర్ మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము దాటినవాళ్లలో మరణాలు ఎక్కువని తేలింది. అప్పటినుంచి ఈ పరీక్ష ఇంటింటి మాట అయింది. కానీ వయసు పెరిగినా, గర్భంతో ఉన్నా, ఈ మధ్యే ఆపరేషన్ అయినా అది పెరుగుతుంది. పైగా దీన్ని ఎఫ్‌ఈయూ, డీడీయూ అని రెండు పద్ధతుల్లో ఇస్తారు. మొదటిది రెండోదానికి దాదాపు రెట్టింపు. రెండు ల్యాబుల రిపోర్టులు పక్కన పెట్టి పోల్చే ముందు ఆ మూడక్షరాలు చూడండి.

ఫెరిటిన్ ఒంట్లో ఇనుమును నిల్వ ఉంచే ప్రోటీను. అది వాపు ఉన్న ప్రతి జబ్బులోనూ పెరుగుతుంది, కాలేయ జబ్బులోనూ పెరుగుతుంది. ఎల్‌డీహెచ్ దెబ్బతిన్న కణాల నుంచి వస్తుంది. ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో అది కొంత చెబుతుంది. ఐఎల్-6 వాపును రేపే పదార్థం, దాని పరీక్ష ఖరీదైనది. చాలామందిలో సీఆర్‌పీ ఇచ్చే సమాచారమే ఇస్తుంది.

ల్యాబులో తప్పు జరిగే అవకాశం ఉందా?

ఉంది. చాలావరకు రక్తం తీసేటప్పుడే జరుగుతుంది. నరం దొరక్క సిరంజిని గట్టిగా లాగినా, సీసాను విపరీతంగా ఊపినా ఎర్రకణాలు చిట్లుతాయి. అప్పుడు ఎల్‌డీహెచ్, పొటాషియం అబద్ధంగా పెరుగుతాయి. డి-డైమర్‌కు వాడే లేత నీలం మూత సీసాలో సిట్రేట్ ద్రవం ముందే ఉంటుంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు ద్రవం ఉండాలి, కాబట్టి గీత దాకా నిండాలి. సగం నింపి పంపితే ఫలితాన్ని నమ్మలేం. సీబీపీకి వాడే ఊదారంగు మూత సీసాలోని మందు వల్ల కొందరిలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, యంత్రం వాటిని తక్కువగా లెక్కిస్తుంది. ఒంట్లో ఏ ఇబ్బందీ లేకుండా ప్లేట్‌లెట్లు 40,000 అని వస్తే, గాజుపలక మీద సూక్ష్మదర్శినితో చూడమని అడగండి. మీరు అడగదగిన మాటే.

ఇంటికొచ్చి రక్తం తీసే అబ్బాయి వెళ్లేలోపు ఈ సీసాలను ఒక్కసారి చూడండి. మీ పేరు, వయసు మీ ముందే రాయమనండి.

డెంగీ కూడా ఇదే కాలంలో వస్తుంది కదా, ఎలా తేడా తెలుస్తుంది?

వానాకాలం హైదరాబాద్‌లో ఇది రోజూ వచ్చే చిక్కు. రెండింటిలోనూ తెల్లకణాలు తగ్గుతాయి, జ్వరం, ఒళ్లునొప్పులు ఉంటాయి. డెంగీలో ప్లేట్‌లెట్లు ఎక్కువగా పడతాయి. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారితే హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, పెరుగుతుంది. దగ్గు, గొంతునొప్పి ముందు నిలబడితే ఫ్లూ వైపు ఆలోచిస్తాం. మొదటి ఐదు రోజుల్లో డెంగీని పట్టే ఎన్‌ఎస్1 పరీక్ష, దాంతోపాటు స్వాబ్ చేయిస్తే చాలావరకు తేలిపోతుంది. రెండూ ఒకరికే రావచ్చు కూడా.

జబ్బు ముదురుతుందో లేదో ముందే చెప్పగలరా?

ఒక్కొక్కరి విషయంలో కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ప్రమాదం ఎక్కువా తక్కువా అన్నది చెప్పవచ్చు. అందుకు స్కోర్లు ఉన్నాయి.

కర్బ్-65లో ఐదు అంశాలు: మతి తప్పడం, రక్తంలో యూరియా పెరగడం, శ్వాస నిమిషానికి 30 లేదా ఆపైన, బీపీ పైది 90 కంటే తక్కువ లేదా కిందది 60 లేదా అంతకు తక్కువ, వయసు 65 లేదా ఆపైన. ఒక్కోదానికి ఒక మార్కు. 3 లేదా ఆపైన వస్తే తీవ్రం. రక్తపరీక్ష ఒక్కటే ఉంది చూడండి, మిగతా నాలుగూ మంచం పక్కన నిలబడి తెలుసుకునేవే. యూరియా హద్దు మన రిపోర్టుల్లో డెసిలీటరుకు సుమారు 42 మిల్లీగ్రాములు. బీయూఎన్ (యూరియాలోని నైట్రోజన్) అని రాసి ఉంటే సుమారు 20.

ఈ స్కోరుకు ఒక లోపం ఉంది, దాన్ని గట్టిగానే చెబుతాను. అందులో ఆక్సిజన్ లేదు, వయసుకు ప్రాధాన్యం ఎక్కువ. 2009లో హెచ్1ఎన్1 వచ్చినప్పుడు (దేశంలో తొలి కేసు ఆ మేలో హైదరాబాద్‌లోనే నిర్ధారణ అయింది) ఐసీయూలో పడ్డవారిలో చాలామంది యువకులు, గర్భిణులు. అలాంటివారికి కర్బ్-65లో 0 లేదా 1 వస్తుంది. 30 ఏళ్ల గర్భిణికి మార్కు తక్కువ వచ్చిందని ఇంటికి పంపడం ప్రమాదం.

కోవిడ్ కోసం బ్రిటన్‌లో రూపొందిన 4సీ స్కోరు ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. వయసు, లింగం, ఇతర జబ్బులు, శ్వాస వేగం, ఆక్సిజన్, స్పృహ, యూరియా, సీఆర్‌పీ కలిపి లెక్కిస్తుంది. ఎనిమిదింటిలో రక్తానివి రెండే.

రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి, కానీ ఆయాసం తగ్గడం లేదు. ఏం చేయాలి?

రిపోర్టు పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం ముందు ఏ రిపోర్టూ నిలవదు.

కూర్చుని ఉన్నప్పుడు ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, శ్వాస నిమిషానికి 24 దాటినా ఆలస్యం చేయవద్దు. శ్వాసను పూర్తి నిమిషం లెక్కపెట్టండి, లెక్కపెడుతున్నట్టు మనిషికి చెప్పవద్దు. చెబితే వేగం మారిపోతుంది. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగు ఉన్నా ఆక్సీమీటరు తప్పు చూపుతుంది. కూర్చున్నప్పుడు బాగుంటే గదిలో ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూడండి. 3 పాయింట్లు పడినా, ఊపిరి అందకపోయినా మధ్యలోనే ఆపి డాక్టరును కలవండి.

పిల్లల్లో లెక్క వేరు. నిమిషానికి రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 శ్వాసలు లేదా అంతకంటే ఎక్కువగా ఉంటే వేగంగా తీస్తున్నట్టే. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే రక్తపరీక్ష కోసం ఆగవద్దు.

మణికట్టు దగ్గర నొప్పి పెట్టేలా తీసే రక్తం దేనికి?

అది ధమని రక్తం. అందులో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతున్నాయో నేరుగా కొలుస్తారు. వెంటిలేటరు అవసరం వంటి పెద్ద నిర్ణయాలు దాని మీద ఆధారపడతాయి. నొప్పి నిజమే, కానీ వద్దనకండి. తీశాక అక్కడ కనీసం ఐదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోవాలి.

రోజూ పరీక్షలు చేయించడం మంచిది కదా?

తేలికపాటి జబ్బుకు కాదు. 2021 మేలో, కోవిడ్ రెండో వేవ్ మధ్యలో, అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఇదే చెప్పారు: లక్షణాలు తేలికగా ఉండి ఆక్సిజన్ బాగుంటే ఈ రక్తపరీక్షలూ సీటీ స్కాన్‌లూ వద్దు, అవి కంగారునే పెంచుతాయని. ఆ కంగారులో స్టెరాయిడ్లు తొందరపడి వేసుకున్నవాళ్లు ఎందరో. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల ప్రాణాలు కాపాడుతుందని 2020 జూన్‌లో రికవరీ ట్రయల్ చూపింది. ఆక్సిజన్ అక్కర్లేనివారికి మేలు లేదనీ అదే ట్రయల్ చూపింది. షుగరు ఉన్నవారు అవసరం లేకుండా స్టెరాయిడ్ వాడటం బ్లాక్ ఫంగస్‌కు దారి చేసిన కారణాల్లో ఒకటి. 2021లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. సీఆర్‌పీ కాగితం చూసి స్టెరాయిడ్ మొదలుపెట్టకండి.

తగ్గిపోయిన జ్వరం మళ్లీ వచ్చింది. వైరసేనా?

ఫ్లూ వచ్చి, నాలుగైదు రోజులకు నెమ్మదించి, మళ్లీ చలిజ్వరం, చిక్కటి గళ్ల మొదలైతే బ్యాక్టీరియా వెనకాలే వచ్చిందేమో చూడాలి. న్యూమోకాకస్, స్టాఫిలోకాకస్ ఇలా చొరబడతాయి. సీబీపీ, సీఆర్‌పీ, ప్రొకాల్సిటోనిన్ మళ్లీ చేయించడానికి ఇది సరైన సమయం. ముందు రిపోర్టుతో పోల్చి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆసుపత్రిలో చేర్చితే, యాంటీబయాటిక్ వేసే ముందే బ్లడ్ కల్చర్‌కు రక్తం తీయమని గుర్తుచేయండి. టోసిలిజుమాబ్ తీసుకున్నవారిలో మాత్రం ఇన్ఫెక్షన్ ఉన్నా సీఆర్‌పీ లేవదు.

డబ్బు లేకపోతే ఎక్కడ చేయించుకోవాలి?

మీ బస్తీ దవాఖానాలో అడగండి. అక్కడ తీసిన రక్తాన్ని తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుకు పంపి ఉచితంగా పరీక్షిస్తారు. ఆయాసం ఉంటే గాంధీ ఆసుపత్రికి గానీ, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి గానీ నేరుగా వెళ్లండి. అంటువ్యాధుల జ్వరాలకు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది. సీబీపీకీ సీఆర్‌పీకీ పరగడుపున ఉండక్కర్లేదు, కాబట్టి ముసలివాళ్లను ఆకలితో కూర్చోబెట్టవద్దు.

ఇంటికి వచ్చాక ఎప్పుడు మళ్లీ చేయించాలి?

జ్వరం లేక, ఆకలి పుట్టి, నడక కుదుటపడితే రక్తపరీక్షల అవసరం సాధారణంగా ఉండదు. ఫెరిటిన్, డి-డైమర్ కొన్ని వారాలపాటు కొంచెం ఎక్కువగా ఉండవచ్చు. అవి మామూలుకు వచ్చేదాకా వారం వారం చేయించుకుంటూ పోనక్కర్లేదు. ఎక్స్‌రేలో మచ్చ తగ్గడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, పెద్దవయసులో ఇంకా ఎక్కువ పట్టవచ్చు. ఆ తర్వాతా దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కఫం పరీక్ష చేయించండి. ప్రభుత్వ కేంద్రాల్లో టీబీ పరీక్ష ఉచితం.